పదమూడు వందల డెబ్బై ఏళ్ల లేజరు

యంత్రాల సమయ వినియోగ ఉత్తర్వు మా సంస్థకు ఒక సోమవారం పొద్దున పదకొండింటికి వచ్చింది. దాన్ని అమలు చేసే అధికారి పదకొండుంబావుకి వచ్చారు. ఉత్తర్వూ, అధికారీ ఒకే పూట దిగడం నా ఇరవై రెండేళ్ల సర్వీసులో అదే మొదటిసారి. మామూలుగా ఆ రెండింటి మధ్య ఒక ఎన్నికైనా జరుగుతుంది.

నా పేరు హైమవతి. పరిపాలన విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. మా సంస్థ విజయనగరం వెళ్లే దారిలో జీడిమామిడి తోటల మధ్య ఉంటుంది. వేడి నుంచి కరెంటు పుట్టించే పదార్థాల మీద ఇక్కడ పరిశోధన చేస్తారు. ఒక బిళ్లకి ఒక పక్క వేడి తగిలి, రెండో పక్క చల్లగా ఉంటే చాలు, అందులోంచి కరెంటు వస్తుంది. ఫ్యాక్టరీ గొట్టాల్లోంచీ లారీ ఇంజన్లలోంచీ ఊరికే గాల్లో కలిసిపోయే వేడిని అలా పనికి పెట్టుకోవచ్చని మావాళ్ల ఆశ. ఆ బిళ్ల ఎందుకలా చేస్తుందో నన్నడక్కండి. నేను ఇంటర్లో ఫిజిక్సు రెండో దఫాలో గట్టెక్కినదాన్ని.

వచ్చిన అధికారి పేరు ముక్కామల భానుమూర్తి. అంతకుముందు గిడ్డంగుల విభాగంలో పనిచేశారు. మంచి మనిషి. ఎవరి దగ్గరా టీ కూడా తాగరు, ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. మొదటిరోజే అందర్నీ సమావేశపరిచి, నిలబడే మాట్లాడారు.

"ప్రజాధనంతో కొన్న యంత్రం ప్రజల కోసం పనిచేయవలెను. ప్రతి యంత్రం రోజుకు ఎంతసేపు వాస్తవంగా పనిచేసినదీ నిర్ణీత నమూనాలో నమోదు కావలెను. అరవై శాతం కన్నా తక్కువ వినియోగం గల యంత్రం, మూడు నెలల అనంతరం, అవసరం గల ఇతర శాఖకు బదిలీ చేయబడును. గిడ్డంగిలో మా కాటా రోజుకు పదకొండు గంటలు తూచేది. అది నోరు లేని వస్తువు. మీరు చదువుకున్నవారు."

అందరం చప్పట్లు కొట్టాం. కాటాకే కొట్టామని నా అనుమానం.

నమూనాలు పంచడం, నింపినవి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మొదటి వారం అన్నీ సాఫీగానే వచ్చాయి. కొలిమి ఆరు గంటలు, సానపట్టే యంత్రం నాలుగు గంటలు, అలా. లేజరు గది నుంచి వచ్చిన కాగితం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. గంటలు, నిమిషాలు, సెకన్లు అని మూడు గళ్లుంటే, మూడింటినీ వదిలేసి పక్కన ఖాళీ జాగాలో సన్నటి అక్షరాలతో ఏదో రాసి ఉంది. కాగితం పట్టుకుని లేజరు గదికి వెళ్లాను.

ఆ గదిలో ఫర్హానా ఉంటుంది. ఆదోని పిల్ల. నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె గైడు పరంజ్యోతి గారు జ్ఞానీ, శాంతమూర్తీ. ఏ గొడవ వచ్చినా "నువ్వు చూసుకోగలవమ్మా" అని తలుపేసుకుంటారు.

"ఇదేంటి ఫర్హానా, ఎంతసేపు పనిచేసిందంటే ఈ సున్నాలన్నీ ఏంటి?"

"యంత్రం నుంచి వాస్తవంగా ఉత్పత్తి వెలువడిన కాలం రాయమన్నారు కదక్కా. లేజరు నుంచి వెలువడేది వెలుగు. ఒక్కో మెరుపు వంద ఫెమ్టో సెకన్లుంటుంది. సెకనును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. సెకనుకు వెయ్యి మెరుపులు. పొద్దున నుంచి ఎనిమిది గంటలు నడిపినాను. అన్నీ కలిపితే..."

"ఎంత?"

"సెకనులో పది లక్షలవ వంతులు మూడు. నిజానికి మూడు కూడా నిండవు."

"అలా రాస్తారా ఎవరైనా? ఎనిమిది గంటలని రాయవే!"

"అబద్ధమవుతుంది కదక్కా," అంది, నేనేదో దొంగతనం చేయమన్నట్టు కళ్లు పెద్దవి చేసి. "మెరుపుకీ మెరుపుకీ మధ్య చీకటే. చీకటిని పని కింద ఎట్లా రాసేది?"

నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ భయం వేసింది. మా కార్యాలయంలో అంత నిజం రాసిన కాగితం అంతకుముందు చూడలేదు. రాసినదాన్ని రాసినట్టే ఎక్కించాను. కంప్యూటరు ఒక్క క్షణం ఆలోచించి, సున్నా అని చూపించింది. నెల తిరిగేసరికి లేజరు గదికి మెమో వెళ్లింది. 'పై యంత్రం నెల పొడవునా ఏమాత్రం పనిచేయనప్పటికీ తత్సంబంధిత పరిశోధకురాలు ప్రతిదినం హాజరగుచున్నట్లు తెలియవచ్చినది. కారణం తెలుపవలెను.'

విచారణకు ఫర్హానా ఒక్కతే వచ్చింది. పరంజ్యోతి గారు నువ్వు చూసుకోగలవన్నారట. నేను నోట్సు రాసుకోవడానికి మూల కుర్చీలో కూర్చున్నాను.

భానుమూర్తి గారు కఠినంగా లేరు. కొత్త విషయం నేర్చుకోవాలన్న ఆత్రమే ఆయన ముఖంలో కనిపించింది. "మెరుపు వ్యవధి మరీ తక్కువగా ఉన్నది. దీనిని పొడిగించుటకు ఆటంకమేమి? కనీసం అరగంట చేయండి," అన్నారు.

"పొడిగిస్తే ఏమీ కనపడదు సార్. మా బిళ్లలో ఎలక్ట్రాన్లు ఏ శక్తి మెట్టు మీద ఉన్నాయి, అక్కడినుంచి ఎట్లా కదుల్తున్నాయి అని చూస్తున్నాం. మొదటి మెరుపుతో వాటిని లేపుతాం. కొంచెం ఆగి రెండో మెరుపుతో ఫొటో తీసినట్టు చూస్తాం. అవి శానా తొందరగా కదుల్తాయి సార్. తిరిగే ఫ్యానును ఫొటో తీస్తే రెక్కలు అలికినట్టు పడతాయి కదా. రెక్కలు విడివిడిగా కనపడాలంటే కెమెరా కన్ను అంత తొందరగా మూసుకోవాల."

భానుమూర్తి గారు పైకి, గిర్రున తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. చాలాసేపు చూశారు. ముఖం వెలిగింది.

"అర్థమైనది. ఫ్యాను ఆపి తీయండి."

"ఎలక్ట్రాన్లను ఆపలేం సార్."

"వ్రాతపూర్వకంగా ప్రయత్నించినారా?"

ఆయన నిజంగానే అడిగారు. ఫర్హానా నా వైపు చూసింది. నేను నోట్సులోకి తల దించుకున్నాను.

అక్కడితో తేలిపోయేదేమో. కానీ ఆయన పరిశోధన నివేదిక తెలుగులో కావాలన్నారు. ఫర్హానా రెండు రోజులు కూర్చుని శ్రద్ధగా రాసిచ్చింది. అందులో ఒక వాక్యం కింద ఆయన ఎర్ర గీత పెట్టారు. 'కాంతి తగిలిన వెంటనే ఎలక్ట్రాన్లు ఉద్రిక్త స్థితికి చేరును. రెండు పికో సెకన్లలో, అనగా రెండు వేల ఫెమ్టో సెకన్లలో, తిరిగి విశ్రాంతి పొందును.' పక్కన మార్జిన్లో ఇలా రాశారు: 'పని వేళలలో విశ్రాంతి? అదియును రెండు పికో సెకన్ల పని అనంతరం? అంతకుముందు ఉద్రిక్తతకు గల కారణములు విచారించవలెను. సంస్థ ఆవరణలో శాంతిభద్రతల అంశం ఇమిడి ఉన్నందున డైరెక్టరు వారి దృష్టికి.'

డైరెక్టరు గారు ఒక కమిటీ వేశారు. ఏ కాగితమైనా ఆయన బల్ల మీద చేరగానే కమిటీ అవుతుంది.

ఇంతలో మిగతా విభాగాలు తెలివి తెచ్చుకున్నాయి. అరవై శాతం చాలదేమోనని ముందు జాగ్రత్తగా తొంభైకి పరుగెత్తాయి. సానపట్టే యంత్రం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదింటి దాకా గాలికే సాన పట్టింది. ఆరు కొలిములు లోపల ఏమీ లేకుండా ఎనిమిది వందల డిగ్రీల దగ్గర మండాయి. పంపులు శూన్యంలోంచి శూన్యాన్ని తోడాయి. ఆ నెల వినియోగంలో మొదటి స్థానం వరండాలోని మంచినీళ్ల కూలరుకి వచ్చింది. నూటికి నూరు శాతం. డైరెక్టరు గారు దానికి ప్రశంసాపత్రం ఇచ్చారు. అందుకోవడానికి అది రాలేదు కాబట్టి దాని నెత్తిమీదే అంటించారు.

వృథా అయ్యే వేడిని పట్టి కరెంటు చేద్దామని కట్టిన భవనం, కరెంటు పెట్టి వృథా వేడి చేయడం మొదలుపెట్టింది. వరండాల్లో నడుస్తుంటే చెప్పుల్లోంచి సెగ తగిలేది. ఫైళ్ల మీద బంక కరిగి అట్టలు ఊడొచ్చేవి.

ఒకరోజు భోజనాల వేళ లేజరు గదికి వెళ్తే ఫర్హానా టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా బల్ల ముందు కూర్చుని ఉంది. ఆ బల్ల మంచమంత ఉంటుంది, దాని నిండా బొటనవేలంత అద్దాలు.

"ఏమైందే?"

"ఈ గది ఇరవై రెండు డిగ్రీలుండాలక్కా. ఈ రోజు ఇరవై తొమ్మిది. వేడికి అద్దాలన్నీ వెంట్రుకవాసి పక్కకి జరుగుతున్నాయి. రెండు మెరుపులు ఒక్కచోట పడటం లేదు." గొంతు తగ్గించి అంది. "పోయిన ఏడాది ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గ్రాఫు గీతలో చిన్న మిట్ట కనపడింది. ఎవరూ చెప్పని చోట. అది నిజమైతే ఈ బిళ్ల ఇంత బాగా ఎందుకు పనిచేస్తుందో తెలిసినట్టే. ఒక్కసారి చూసినదాన్ని ఎవరు నమ్ముతారు? ఇంకో మూడుసార్లన్నా రావాల. బిళ్ల ఒకటే ఉంది, ఎనిమిది నెలలు పట్టింది దాన్ని పెంచేదానికి. నా ఫెలోషిప్ ఇంక ఐదు నెలలే. ఇప్పుడు లేజరు కూడా పోతే ఏం చేసేదక్కా?"

లేజరు పోవడం అప్పటికే ఖాయమైంది. కమిటీ దాన్ని జిల్లా ఉత్సవాల కమిటీకి బదిలీ చేయమంది. వాళ్లకి రోజుకి ఆరు గంటలు దీపాలంకరణ ఉంటుందట. లేజరు కాంతి కంటికి కనబడదని ఫర్హానా విన్నవించుకుంది. "కనబడకపోయినను గంటలు నమోదగును," అని భానుమూర్తి గారు అనునయంగా చెప్పారు. లారీ వచ్చే నెల ఒకటో తారీఖున వస్తుంది.

నేను ఆ మధ్యాహ్నం నా సీటుకి వచ్చి కూర్చున్నాను. మూడు నెలలుగా ఆ లేజరు పేరు ఎదురుగా సున్నాలు కొట్టింది నా వేళ్లే. నాకు ఫిజిక్సు రాదు. ఉత్తర్వులు చదవడం మాత్రం వచ్చు. నలభై ఒక్క పేజీల సమయ వినియోగ ఉత్తర్వు ముందేసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. దాన్ని అంతకుముందు పూర్తిగా చదివినవాళ్లు ఎవరూ లేరని పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉండటాన్ని బట్టి తెలిసింది. ముప్పై ఎనిమిదో పేజీలో, అద్దె వాహనాల నియమాల నుంచి ఎవరో తెచ్చి అతికించిన వాక్యం దొరికింది.

'యంత్రం నడిచిన ప్రతి పర్యాయమును విడిగా లెక్కించవలెను. నిమిషంలో ఏ స్వల్ప భాగమైనను పూర్తి నిమిషముగా పరిగణించబడును.'

రెండుసార్లు చదివాను. కాగితం పట్టుకుని భానుమూర్తి గారి గదికి వెళ్లాను.

"సార్, మెరుపు అంటే యంత్రం నడిచిన ఒక పర్యాయమే కదండీ?"

ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ ఆలోచించారు. "మధ్యలో చీకటి ఉన్నదని ఆ అమ్మాయి నివేదికలో లిఖితపూర్వకంగా ఒప్పుకున్నది. కావున ప్రతి మెరుపూ ప్రత్యేక పర్యాయమే."

"అయితే ఒక్కో మెరుపుకీ ఒక్కో నిమిషం వేయాలండి."

ఆయన నియమం చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. నియమానికి తల వంచడంలో ఆయనకు ఎప్పుడూ నామోషీ లేదు. "వేయవలెను," అన్నారు.

సెకనుకు వెయ్యి మెరుపులు, అంటే సెకనుకు వెయ్యి నిమిషాలు. కంప్యూటర్లో ఎక్కించి మీట నొక్కాను. లేజరు వినియోగం అరవై లక్షల శాతం అని వచ్చింది.

కూలరు నెత్తి మీద ప్రశంసాపత్రం అదే రోజు పీకేశారు. లారీని రావద్దన్నారు. డైరెక్టరు గారు స్వయంగా లేజరు గదికి వచ్చి, అద్దాల బల్లని దూరం నుంచే చూసి, "ఇలాంటివి ఇంకో నాలుగుంటే దేశం ఎక్కడుండేది!" అన్నారు. ఫర్హానా మాత్రం మొహం ముడుచుకుంది.

"ఇది కూడా నిజం కాదు కదక్కా."

"కాదు. కానీ అబద్ధం నువ్వు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ముప్పై ఎనిమిదో పేజీ చెప్పింది. నువ్వెళ్లి మిట్ట చూసుకో."

అది మూడు రోజుల ముచ్చటే అయింది. నాలుగో రోజు భానుమూర్తి గారు నన్ను పిలిపించారు. ఆయన ముందు యంత్రాల సర్వీసు రిజిస్టరు తెరిచి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"హైమవతి గారూ, ఒక్క దినంలో ఈ యంత్రం రెండు కోట్ల ఎనభై ఎనిమిది లక్షల నిమిషాలు పనిచేసినది. అనగా యాభై నాలుగు సంవత్సరముల తొమ్మిది మాసముల పైచిలుకు. యంత్రం గరిష్ఠ సేవాకాలం పది సంవత్సరములు."

"అంటే సార్..."

"మొదటి దినం ఉదయం పదిన్నర గంటలకే సేవాకాలం ముగిసినది. నెలలో పనిదినములు ఇరవై ఐదు. మొత్తం సర్వీసు పదమూడు వందల డెబ్బై సంవత్సరములు తేలుచున్నది." ఆయన గొంతు దాదాపు గుసగుసలోకి దిగింది. "అప్పటికి మన సంస్థ ఏర్పడలేదు. కావున ఈ యంత్రం వేరొక సంస్థ నుంచి బదిలీపై వచ్చియుండవలెను. పాత సర్వీసు పుస్తకం ఎక్కడ?"

పాత సర్వీసు పుస్తకం కోసం పురావస్తు శాఖకు ఉత్తరం రాశాం. అటువంటి యంత్రమేదీ తమ తవ్వకాల్లో బయటపడలేదని వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. ఇక నియమం ప్రకారం చేయగలిగింది ఒక్కటే. లేజరుని రిటైర్ చేశారు.

సభ బాగానే జరిగింది. మేమందరం చెమటలు తుడుచుకుంటూ లేజరు గది ముందు నిలబడ్డాం. డైరెక్టరు గారు పదమూడు శతాబ్దాల మచ్చలేని సేవను కొనియాడారు. ఒక్క రోజు సెలవు పెట్టలేదన్నారు. శాలువా కప్పబోతే, గాలాడక వేడెక్కుతుందని ఫర్హానా చేతులు అడ్డుపెట్టి బతిమాలింది. చివరికి దాన్ని పరంజ్యోతి గారికి కప్పారు. ఆయన కాదనలేదు. తర్వాత భానుమూర్తి గారు లేజరు పెట్టె మీద 'పనికిరాదు' అని ఎర్ర ముద్ర కొట్టారు. ముద్ర పడిన చప్పుడుకి ఫర్హానా నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల వేళ్లు చల్లగా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె సామాను సర్దుకుంటోందని తెలిసి వెళ్లాను.

"సర్దకు. పనికిరాని సామాను ఎవరు తీసుకెళ్లాలో తెలుసా?"

"ఎవరక్కా?"

"నిరుపయోగ వస్తువుల కమిటీ. అది కూర్చుని పదిహేడేళ్లయింది. సభ్యుల్లో ఇద్దరు కాలం చేశారు. అది కూర్చునేదాకా సామాను ఉన్నచోటే ఉండాలి, కదపకూడదు. పనికిరాని యంత్రానికి నమూనా నింపక్కర్లేదు, గంటలు రాయక్కర్లేదు, ఎవరూ వచ్చి చూడరు."

"వాడొచ్చా మరి?"

"వాడకూడదని ఎక్కడా లేదు. పనికిరానిదాన్ని వాడతారని ఎవరికీ తోచలేదు."

ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే చూశాను, మూడు నెలల తర్వాత.

ఎండాకాలం ముదిరి, ఖాళీ కొలిముల దెబ్బకి మా ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. దాంతో ఖాళీగా యంత్రాలు నడపరాదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. భవనం చల్లబడింది. లేజరు గది ఇరవై రెండు డిగ్రీలకి దిగింది. ఫర్హానా అద్దాలు ఒక్కొక్కటీ సరిచేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక బుధవారం పరుగున నా సీటు దగ్గరకొచ్చి, వేలు ఒకటి చూపించింది. పది రోజులకి రెండు వేళ్లు. తర్వాతి నెల మూడు. మా సెక్షనులో అందరూ ఆ పిల్లకేమైందని అడిగారు. నేను చెప్పలేదు, కళ్లొత్తుకుంటూ కూర్చున్నాను.

థీసిస్ సమర్పించేటప్పుడు విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ధ్రువపత్రం అడిగారు, కొలతలు తీసిన యంత్రం సక్రమంగా ఉన్నట్టు. మా కాగితాల్లో ఆ యంత్రం పనికిరానిది. ఇద్దరం భానుమూర్తి గారి దగ్గరకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కేకలేస్తారనుకున్నాను. ఆయన ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టారు. తర్వాత, "ఏం కనపడినదో చూపించండమ్మా," అన్నారు.

ఫర్హానా థీసిస్ తెరిచి గీత చూపించింది. దిగుతున్న గీత మధ్యలో చిన్న మిట్ట.

"ఎలక్ట్రాన్లు పైనుంచి నేరుగా కిందికి దిగిపోతాయనుకునేవాళ్లం సార్. కాదు. మధ్యలో ఇంకో మెట్టుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతున్నాయి. మూడుసార్లు చూసినాను, మూడుసార్లూ ఉంది."

"ఎంతసేపు ఆగును?"

"మూడు వందల ఫెమ్టో సెకన్లు సార్."

భానుమూర్తి గారు ఆ మిట్టని వేలితో తాకారు. "అంత తక్కువ కాలం దానికి చాలునా అమ్మా?" అని అడిగారు. ఆ మాట ఆఫీసు గొంతుతో అనలేదు.

"దానికది శానా ఎక్కువ సార్."

ఆయన తలూపారు. తేదీ, సమయం గళ్లున్న ఆఫీసు కాగితం తీసుకుని, నన్ను టైపు చేయమనకుండా, స్వహస్తంతో రాశారు. 'పై యంత్రం పనికిరానిదని ఇదివరకే ధ్రువీకరించబడినది. అది చేసిన పని సరియైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఈ రెండును ఏకకాలమున వాస్తవములు.'

కింద సంతకం పెట్టి, తేదీ వేశారు. సమయం రాసే గడి దగ్గర కలం పట్టుకుని కొంతసేపు ఆగారు. గోడ గడియారం వైపు చూశారు. ఆ గడిని ఖాళీగా వదిలేసి, కాగితం ఫర్హానా చేతిలో పెట్టారు.